నిగ్రహాన్ని అలవాటు చేసుకోవడం ఎలా: కన్ఫ్యూషియస్ పద్ధతి, విశాఖ దినచర్య

క్రీస్తుపూర్వం 551లో లూ రాజ్యంలో, అంటే నేటి చైనాలోని షాన్‌డాంగ్ ప్రాంతంలో పుట్టిన కన్ఫ్యూషియస్‌ను ప్రియశిష్యుడు యెన్ హుయి ఒకసారి మానవత్వం అంటే ఏమిటని అడిగాడు. తన్ను తాను అదుపులో పెట్టుకుని ‘లీ’ వైపు మరలడమే అని గురువు చెప్పారు. దైవకార్యం మొదలుకొని పలకరింపు వరకు, ఎవరి ఎదుట ఎలా మెలగాలో తెలిపే మర్యాద అంతా ఆ ‘లీ’లో ఇమిడి ఉంది. నాకు అర్థమైనంతలో, కోపం వచ్చాక పళ్లు బిగించడం కాదు, రాకముందే ఒక నడవడిని సిద్ధంగా ఉంచుకోవడమే ఈ ఉపదేశంలోని కిటుకు.

కాబట్టి మొదట, మీకు రోజూ ఓర్పు నశించే చోటును ఒక్కదాన్నే ఎంచుకోండి. అది మద్దిలపాలెం సిగ్నల్ అయితే, పచ్చదీపం వెలిగాక ముందున్న ఆటో కదిలేదాకా హారన్ మీద చెయ్యి వేయకూడదన్న నియమం ఇంట్లోంచి బయలుదేరేటప్పుడే పెట్టుకోవాలి. పక్క బండివాడు మోగిస్తూనే ఉంటాడు, మోగించనివ్వండి. మనల్ని మనం గట్టిగా నిలదీసుకుని ఎదుటివారిని తక్కువగా తప్పుపట్టాలన్నది కూడా కన్ఫ్యూషియస్ మాటే. మర్యాద పేరు చెప్పి కోడళ్ల నోళ్లు మూయించేవారు దీన్ని ముందుగా చదవాలి.

ఇంట్లో సాధన ఇంతకంటే కష్టం. తల్లిదండ్రులకు తిండి పెట్టడమే సేవ అనుకుంటే కుక్కలకూ గుర్రాలకూ పెడుతున్నాం కదా, గౌరవం లేకపోతే తేడా ఏముందని ఆయన ఒక శిష్యుణ్ణి అడిగారు. మరొకరికి, కష్టమంతా సేవ చేసేటప్పుడు ముఖం ప్రసన్నంగా ఉంచుకోవడంలోనే ఉందని చెప్పారు. గాజువాకలో షిఫ్టు ముగించుకుని అలసి వచ్చిన కొడుకు, నాన్నగారు అడిగిన మాత్రలు తెచ్చి బల్ల మీద విసిరినట్లు పెడితే పని జరిగినట్టే గాని మర్యాద జరగలేదు. గడప దాటేముందు ఫోను జేబులో పెట్టుకోండి, లోపలికి రాగానే పెద్దవారి దగ్గర రెండు నిమిషాలు కూర్చోండి, ఆ తరువాతే కాళ్లు కడుక్కోవడమైనా కాఫీ అయినా.

ఇక పాత ఆచారాలన్నీ మోయాలా అన్న సందేహానికి, కన్ఫ్యూషియస్ మాటల సంకలనమైన ‘లూన్‌యూ’ తొమ్మిదో అధ్యాయంలో చక్కని కొలత ఉంది. ఆచారం జనపనార టోపీని కోరినా, పట్టుటోపీకి ఖర్చు తక్కువ గనుక లోకంతో పాటు దాన్నే ధరిస్తానన్నారు. మెట్ల కింద చేయవలసిన వందనాన్ని పైకెక్కాక చేయడం మాత్రం అహంకారమని, లోకమంతా అలాగే చేసినా తాను కిందనే చేస్తానన్నారు. మన పెళ్లిపిలుపులను ఈ కొలతతో చూడండి. శుభలేఖ అచ్చు వేయించకుండా వాట్సాప్‌లో పంపడం పట్టుటోపీ వంటిది, నిరభ్యంతరంగా పంపవచ్చు. కాని సింహాచలంలో ఉన్న మేనత్తను ఇంటికెళ్లి బొట్టుపెట్టి పిలవకుండా, అందరితోపాటు ఆమెకూ అదే సందేశం పంపి ఊరుకోవడం మెట్లెక్కి పెట్టిన దండం. వెళ్లలేని పరిస్థితి ఉంటే ఫోన్ చేసి, మీ గొంతుతో మీరే పిలవండి.

రాత్రి పడుకునేముందు, శిష్యుడు జెంగ్జి రోజూ వేసుకున్న మూడు ప్రశ్నలను మీరూ వేసుకోండి: ఇతరుల పని నమ్మకంగా చేశానా, స్నేహితులతో మాట నిలుపుకున్నానా, నేర్చుకున్నది ఆచరించానా. జవాబులు డైరీలో ఒక్కో ముక్కగా రాస్తే చాలు. వారంలో మూడుసార్లు ఒకే తప్పు కనిపిస్తే, సిగ్నల్ నియమాన్ని పక్కనపెట్టి మరుసటి వారానికి దాన్నే ఎంచుకోండి.