చివరి రోమన్ కాలపు రాగి నాణెం: నమోదుకు ముందు జాగ్రత్తలు

ఇంగ్లండ్ పొలాల్లో దొరికే 4వ శతాబ్దపు చిన్న నాణేలకు ఇవి తప్పనిసరి.

☐ చింతపండు, నిమ్మరసం, వెనిగర్ తాకనివ్వకండి. రాగి చెంబులా తోమితే మెరుస్తుంది; కానీ అక్షరాలు నిలిచేది ఆ పచ్చటి పైపొరలోనే. అది పోతే మళ్లీ రాదు.

☐ లేతపచ్చ పొడి రాలుతోందా? అది క్లోరైడ్ల (లోహాన్ని తినే లవణాల) తెగులు, తేమకు పెరుగుతుంది. తేమ పీల్చే సిలికా జెల్ వేసిన డబ్బాలో విడిగా పెట్టండి.

☐ దొరికిన చోటు అక్కడే రాసుకోండి. 6 అంకెల గ్రిడ్ సంఖ్య (బ్రిటన్ పటంపై గళ్లతో చోటును చూపే సంఖ్య) 100 మీటర్ల చదరాన్ని, 8 అంకెలది 10 మీటర్ల చదరాన్ని చూపుతుంది. రెండోదే మేలు.

☐ వ్యాసం మిల్లీమీటర్లలో, బరువు 0.01 గ్రాము చూపే త్రాసుపై.

☐ వెలుతురు పక్కనుంచి వాలుగా పడాలి. అరిగిన గీతలు అప్పుడే కనబడతాయి.

☐ నాణెం వెనుక బొమ్మలో ఇద్దరు సైనికుల నడుమ రెండు ధ్వజాలుంటే తేదీ క్రీ.శ. 330–335, ఒకటే ఉంటే 335–341. లెక్క తేలకపోతే 330–341 అనే రాయండి. ఊహించి రాసిన తేదీ ఖాళీ గడి కన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది.

☐ ఒకేచోట 10 లేదా ఎక్కువ దొరికితే తవ్వడం ఆపండి. 1996 ట్రెజర్ (నిధుల) చట్టం ప్రకారం 14 రోజుల్లో కరోనర్‌కు (నిధులపై విచారణ జరిపే స్థానిక అధికారికి) తెలపాలి.