పద్దెనిమిదో పుట్టినరోజుకు టాటూ: ముందుగా చూసుకోవలసిన జాగ్రత్తలు

మేజరైన గుర్తుగా పచ్చబొట్టు పొడిపించుకోవాలనుకునే నల్లగొండ, పాలమూరు యువతీయువకులు, వారి తల్లిదండ్రులు ముందుగా ఈ విషయాలను సరిచూసుకోవాలి.

సూది ప్యాకెట్‌ను మీ కళ్లముందే విప్పించి, రంగును కొత్త చిన్న కప్పులో పోయించండి. ఒకరి రక్తం అంటిన సూదిని గానీ, అది ముంచిన రంగును గానీ మరొకరికి వాడితే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి సోకే ప్రమాదం ఉంది. చెర్వుగట్టు, కురుమూర్తి వంటి జాతరల రద్దీలో ఈ పరిశీలన కష్టం కనుక అక్కడ వేయించుకోకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

హెపటైటిస్ బి టీకా వేయించుకున్నారో లేదో తెలుసుకోండి. మూడు డోసులు పూర్తి కావడానికి సాధారణంగా 6 నెలలు పడుతుంది.

సైన్యంలో చేరాలనుకుంటే చోటు ఎంపికలో తొందరపడవద్దు. సాధారణ అభ్యర్థులకు మోచేతి నుంచి మణికట్టు వరకు లోపలివైపు, అరచేతి వెనుకవైపు మాత్రమే శాశ్వత టాటూను అనుమతిస్తారు. మెడ మీద చిన్న అక్షరం ఉన్నా, పరుగులో నెగ్గిన అభ్యర్థి వైద్యపరీక్షలో ఆగిపోవచ్చు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వంటి కేంద్ర సాయుధ పోలీసు బలగాలకు నిబంధనలు వేరుగా ఉంటాయి కాబట్టి నోటిఫికేషన్‌ను పూర్తిగా చదవండి.

చెవులు కుట్టించినచోట మచ్చ ఉబ్బి గట్టిపడినవారు చర్మవైద్యుని అడగాలి, ఎందుకంటే టాటూ కూడా అలాగే ఉబ్బవచ్చు.

ఎండాకాలమైతే, పుండు పూర్తిగా మానేదాకా బావిలో ఈతకు దిగవద్దు. నిలువనీటి సూక్ష్మక్రములు పచ్చిపుండులోకి చేరతాయి.

టాటూ వేయించుకున్నాక ఏడాదిపాటు రక్తదానానికి అనుమతించరు.