జర్మన్ నేర్చుకుందాం – 6వ పాఠం: వంతెన మీదికి, వంతెన మీద, వంతెన మీదుగా

పోయిన పాఠంలో డేర్, డీ, దస్ (నామవాచకం ముందు లింగాన్ని బట్టి వచ్చే మాటలు) పట్టిక ఇచ్చాను. అది ఇంకా నోటికి రాకపోయినా ఫర్వాలేదు. ఈ పాఠానికి కావాల్సింది బయట తిరగడానికి మంచి బూట్లు, ఒక చిన్న నోట్‌బుక్. పొద్దున క్లాస్ అయ్యాక మధ్యాహ్నం ఖాళీ దొరుకుతుంది కదా, మనవాళ్ళలో చాలామంది గదికి వెళ్ళి పడుకుంటారు, లేదా ఇంటికి వీడియో కాల్ చేసి తెలుగులో గంటన్నర మాట్లాడతారు. కాల్ రాత్రి చేసుకోండి. పగటి వెలుగు ఉన్నప్పుడు ఊరు చూడండి, ఎందుకంటే జర్మన్‌లో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించిన వ్యాకరణం నాకు పుస్తకంలో అర్థం కాలేదు, జర్మనీలోని హైడెల్‌బెర్గ్ పాత వంతెన దగ్గర అర్థమైంది.

విషయం ఇది. ఆన్, ఔఫ్, హింటర్, ఇన్, నేబెన్, ఊబర్, ఉంటర్, ఫోర్, ట్స్విషెన్ అని తొమ్మిది మాటలు ఉన్నాయి. వీటి తర్వాత ఒక్కోసారి అక్యుజటివ్ వస్తుంది, ఒక్కోసారి డేటివ్ (ఇవి జర్మన్ విభక్తుల పేర్లు, వీటిని బట్టే డేర్, డీ, దస్ రూపం మారుతుంది). ఎప్పుడు ఏది? 'వోహిన్' అంటే ఎక్కడికి అన్న ప్రశ్నకి జవాబైతే అక్యుజటివ్, 'వో' అంటే ఎక్కడ అన్న ప్రశ్నకి జవాబైతే డేటివ్. ఇంగ్లీష్ మీదుగా నేర్చుకుంటే ఇది కొండలా కనిపిస్తుంది. తెలుగులో ఆలోచించండి: మీదికి – మీద, లోకి – లో, కిందికి – కింద, వెనక్కి – వెనక. ఈ తేడా మనం మూడేళ్ళ వయసు నుంచీ వాడుతున్నాం! నాకు ఇది తట్టిన రోజున, ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు చెప్పలేదా అని నిజంగా బాధేసింది.

ఇప్పుడు వంతెనకి వెళ్దాం. హౌప్ట్‌ష్ట్రాసె పట్టుకుని నడవండి. వాహనాలు తిరగని పొడవాటి వీధి, ఒకటిన్నర కిలోమీటరుకు పైనే ఉంటుంది. ఆ చివర మార్క్ట్‌ప్లాట్స్ దగ్గర పెద్ద చర్చి కనిపించాక ఎడమవైపు సందులోకి తిరిగితే తెల్లటి జంట బురుజులు, వాటి వెనక నెకార్ నది మీద ఎర్ర ఇసుకరాతి వంతెన. ఇప్పుడున్న రాతి వంతెన 1788లో పూర్తయింది. 1945 మార్చిలో, యుద్ధం చివరి రోజుల్లో, వెనక్కి తగ్గుతున్న జర్మన్ సైన్యమే కొంత భాగం పేల్చేసింది, 1947 నాటికి మళ్ళీ కట్టారు.

వంతెనని 'డీ బ్ర్యుకె' అంటారు. మధ్యలో ఉన్న అచ్చు మనకి లేదు. నోట్లో నాలుకని 'ఈ' అనేటట్టు పెట్టి, పెదాల్ని మాత్రం 'ఊ' అనేటట్టు చుట్టండి. నడుస్తూ పదిసార్లు అనండి, ఎవరూ పట్టించుకోరు.

బురుజుల దగ్గరే ఆగి పైకి చదవండి: ఇష్ గేయె ఔఫ్ డీ బ్ర్యుకె. వంతెన మీదికి వెళ్తున్నాను. నడిచి మధ్యలోకి వెళ్ళి నిలబడండి: ఇష్ ష్టేయె ఔఫ్ డేర్ బ్ర్యుకె. వంతెన మీద నిలబడ్డాను. డీ కాస్తా డేర్ అయింది. స్త్రీలింగానికి డేటివ్‌లో డేర్ వస్తుంది, దాన్ని చూసి పుంలింగం అనుకోకండి. ఇక అవతలి ఒడ్డుకి దాటేయండి: ఇష్ గేయె ఊబర్ డీ బ్ర్యుకె. దీనికి మన దగ్గర ఎంత చక్కటి మాట ఉందో చూడండి, వంతెన మీదుగా. దారి అడిగినప్పుడు జర్మన్లు 'ఊబర్ డీ బ్ర్యుకె' అనే మాట చాలాసార్లు వాడతారు, అది చెవిన పడితే దాటమంటున్నారని అర్థం.

అయితే తెలుగు అన్నిచోట్లా కాపాడదు. ఆ బురుజుల పక్కనే ఒక కంచు కోతి ఉంటుంది, 1979లో పెట్టారు. చేతిలో అద్దం, పక్కన చిన్న చిన్న ఎలుకలు. అద్దం ముట్టుకుంటే డబ్బు, చాచిన వేళ్ళు ముట్టుకుంటే మళ్ళీ ఈ ఊరికి రావడం, ఎలుకల్ని ముట్టుకుంటే పిల్లలు, ఇదీ అక్కడి నమ్మకం. కోతి తల లోపల బోలుగా ఉంటుంది కాబట్టి జనం తమ తల అందులో పెట్టి ఫొటో దిగుతారు. మీరూ పెట్టండి, పెడుతూ జర్మన్‌లో ఏమంటారు? తెలుగులో 'కోతి తలలో నా తల పెట్టాను' అంటాం, 'లోకి' అనం. ఆ అలవాటుతో డేటివ్ వాడితే తప్పు. తల కదిలి లోపలికి వెళ్ళింది కాబట్టి అక్యుజటివ్: ఇష్ ష్టెకె డేన్ కోప్ఫ్ ఇన్ డేన్ అఫెన్. పెట్టాక, తల లోపల ఉండగా, డేటివ్: డేర్ కోప్ఫ్ ఇస్ట్ ఇమ్ అఫెన్ (ఇమ్ అంటే ఇన్ డేమ్).

అంటే పెట్టడం, కూర్చోవడం, పడుకోవడం లాంటి క్రియల దగ్గర తెలుగు విభక్తిని నమ్మకండి. వస్తువుగానీ మనిషిగానీ ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరుతోందా అని చూసుకోండి. నెకార్‌వీజె మీద దీన్ని సాధన చేయడం సులువు. అవతలి ఒడ్డున నది పక్కన పరుచుకున్న పెద్ద పచ్చిక అది, ఎండ వస్తే చాలు విద్యార్థులంతా అక్కడే. దుప్పటి పరిచి కూర్చోబోతూ: వీర్ జెట్సెన్ ఉన్స్ ఔఫ్ డీ వీజె. కూర్చున్నాక: వీర్ జిట్సెన్ ఔఫ్ డేర్ వీజె. తెలుగులో రెండింటికీ 'గడ్డి మీద' అనేస్తాం. జెట్సెన్, జిట్సెన్ అన్న ఒక్క అచ్చు తేడాతో క్రియా మారింది, విభక్తీ మారింది.

నేను మొదటి నెలలో ఇంటి ఓనరమ్మతో ఊళ్ళోకి వెళ్తున్నానని చెప్పబోయి 'ఇష్ గేయె ఇన్ డేర్ ష్టట్' అన్నాను. ఊళ్ళోనే నడుస్తున్నానని ఆవిడకి అర్థమై, అయితే ఇప్పుడు ఇంట్లో ఎలా ఉన్నావు అని నిదానంగా అడిగి, ఇన్ డీ ష్టట్ అని సరిదిద్దింది. అలా సరిదిద్దేవాళ్ళు దొరికితే వదులుకోకండి. మీరు తడబడగానే ఇంగ్లీష్‌లోకి మారిపోయేవాళ్ళతో మాత్రం 'బిటె ఔఫ్ డాయిచ్' (దయచేసి జర్మన్‌లో) అనండి, చాలామంది సంతోషంగా ఆగుతారు.

ఇంకొక్కటి. దారి అడిగేటప్పుడు ఈ తొమ్మిదీ కాకుండా 'ట్సు' వస్తుంది, దానికి కదలిక ఉన్నా లేకపోయినా ఎప్పుడూ డేటివే. వీ కొమె ఇష్ ట్సుమ్ (అంటే ట్సు డేమ్) ష్లోస్? కోటకి ఎలా వెళ్ళాలి? ఇది గుడ్డిగా బట్టీ పట్టండి, కారణం వెతక్కండి.

కోటకి నడిచి ఎక్కొచ్చు, లేదా కోర్న్‌మార్క్ట్ దగ్గర బెర్గ్‌బాన్ ఎక్కొచ్చు, కొండ మీదికి తాడుతో లాగే రైలు అది. 1890 నుంచీ నడుస్తోంది, మోల్కెన్‌కూర్‌లో బండి మారితే పాతకాలపు చెక్క పెట్టెల్లో కోనిగ్‌ష్టూల్ శిఖరం దాకా వెళ్ళొచ్చు. కోటని ఫ్రెంచి సైన్యం 1689లో, 1693లో ధ్వంసం చేసింది, ఆ తర్వాత 1764లో పిడుగు పడి తగలబడింది. లోపల 1751 నాటి ద్రాక్షసారా పీపా ఉంది, సుమారు 2 లక్షల 20 వేల లీటర్లు పట్టేది. ఇన్స్ (అంటే ఇన్ దస్) ష్లోస్, ఇమ్ ష్లోస్, ఔఫ్ డేన్ బెర్గ్ (కొండ), ఔఫ్ డేమ్ బెర్గ్: ఎక్కుతున్నప్పుడు ఒకటి, ఎక్కాక ఒకటి.

సాయంత్రం నది ఒడ్డున కూర్చునేటప్పుడు ఒకాయన్ని తలుచుకోండి. 1907లో ఉర్దూ కవి మహమ్మద్ ఇక్బాల్ మనలాగే జర్మన్ నేర్చుకోవడానికి ఈ ఊరు వచ్చాడు. నెకార్ ఒడ్డున సాయంత్రపు నిశ్శబ్దం మీద కవిత రాశాడు. ఇప్పుడు నది పక్కన ఒక రోడ్డుకి ఆయన పేరే, ఇక్బాల్ ఊఫర్.

ఇంటిపని: ఆదివారం షాపులన్నీ మూసి ఉంటాయి కాబట్టి ఆ రోజే పెట్టుకోండి. కింది ఐదింటినీ ఆయా చోట్ల నిలబడి, జర్మన్‌లో పైకి అని, తర్వాత రాయండి. నది దగ్గరికి వెళ్తున్నాం. నది దగ్గర కూర్చున్నాం. కొండ మీదికి ఎక్కుతున్నాను. సంచి గడ్డి మీద పెట్టాను. సంచి గడ్డి మీద ఉంది. నాలుగో వాక్యం దగ్గర కోతిని గుర్తు తెచ్చుకోండి. జవాబులు 7వ పాఠం మొదట్లో ఇస్తాను, ఆ పాఠంలో కోట టికెట్ కౌంటర్ దగ్గర విద్యార్థి రాయితీ ఎలా అడగాలో చూద్దాం.