మిగిలిన పిండాలను మూలకణ పరిశోధనకు ఇచ్చే ముందు

ఐవీఎఫ్‌లో వాడగా మిగిలిన పిండాలను మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో భద్రపరుస్తారు. 2021 ఏఆర్‌టీ (సంతానం కోసం చేసే వైద్య సహాయ పద్ధతుల) చట్టం ప్రకారం పదేళ్లకు మించి ఉంచకూడదు. గడువు తీరాక నశించనివ్వాలి, లేదా మీ సమ్మతితో రిజిస్టరైన పరిశోధన సంస్థకు ఇవ్వాలి. వాటిని వేరే జంటకు వాడడానికి చట్టం ఒప్పుకోదు.

ముందు, ఇస్తే ఏం చేస్తారో తెలుసుకోండి. ఐదారు రోజుల పిండం లోపల ఒక పక్కన చిన్న కణాల ముద్ద ఉంటుంది. దాన్ని వేరు చేసి పెంచితే మూలకణాలు, అంటే శరీరంలోని ఏ రకం కణంగానైనా మారగల కణాలు, వస్తాయి. పిండం మాత్రం అక్కడితో పోతుంది. అసలు అభ్యంతరం ఇక్కడే ఉంది. పిండాన్ని ల్యాబ్‌లో పద్నాలుగు రోజులకు మించి పెంచకూడదన్న నియమం ఉందిగా అని ఎవరైనా సర్దిచెబితే ఆగి ఆలోచించండి. కణాలు తీసేది ఐదారు రోజులకే కాబట్టి ఆ నియమం ఈ అభ్యంతరానికి జవాబు కాదు. "ఎలాగూ పారేసేవే కదా" అన్న మాటకూ తొందరపడి తలూపకండి. నశించనివ్వడం, ఒక పని కోసం విడదీయడం ఒకటేనా అన్నది భార్యాభర్తలు ఎవరికి వారు విడిగా తేల్చుకోవాలి. ఒకరికి మనసొప్పకపోతే ఇవ్వకండి.

తర్వాత సమ్మతి పత్రం. ఎక్కువగా తేడా వచ్చేది ఇక్కడే. అండాలు తీసే రోజు ఉదయం, మత్తు ఇవ్వబోయే ముందు, కాగితాల కట్టలో ఇదీ కలిసి చేతికొస్తే సంతకం పెట్టకండి. చికిత్స ఆగిపోతుందన్న భయంతో పెట్టిన సంతకాన్ని సమ్మతి అనలేం. పరిశోధనకు వేరే పత్రం, వేరే రోజు కావాలని అడగండి. వివరించే వ్యక్తి మీకు చికిత్స చేసే డాక్టర్ కాకుండా ఉంటే మంచిది. డబ్బు గానీ, ఫీజులో తగ్గింపు గానీ ఆశ చూపితే అక్కడితో ఆపేయండి. పిండాల అమ్మకం నిషిద్ధం.

అడగాల్సినవి: సంస్థలోని మూలకణ పరిశోధన కమిటీ అనుమతి ఉందా? కణాలను ఎవరికి పంచుతారు? మీ జన్యు సమాచారం ఎవరి దగ్గరుంటుంది? పెద్దల చర్మ కణాలను వెనక్కి మార్చి మూలకణాల్లాంటివి చేసే, జపాన్ శాస్త్రవేత్త యమనక కనిపెట్టిన పద్ధతి 2007 నుంచి మనిషి కణాలకూ ఉంది కదా, ఈ ప్రాజెక్టుకు అది ఎందుకు సరిపోదు? దీనికి సూటిగా జవాబు రాకపోతే ఇవ్వకపోవడమే మేలు.

సమ్మతిని ఎప్పటివరకు వెనక్కి తీసుకోవచ్చో పత్రంలో రాయించండి. కణాలు పెంచి పలుచోట్లకు పంపాక వాటిని తిరిగి రాబట్టలేరు. వద్దనుకుంటే "పరిశోధనకు ఇవ్వం" అని స్పష్టంగా రాసి, ఇద్దరూ సంతకం చేసి, కాపీ దగ్గర పెట్టుకోండి.