చెన్నైలో రోడ్డు పక్కన బతికేవాళ్ళ దగ్గరికి మీ చర్చి సంఘం ఎలా వెళ్ళాలి?

మొదటి రెండు వారాలు ఉత్త చేతులతో వెళ్ళండి. రాత్రి తొమ్మిదిన్నర దాటాక, ఒక అక్క కూడా ఉండేలా ముగ్గురు నలుగురు కలిసి, సెంట్రల్ స్టేషన్ నుంచి వాల్‌టాక్స్ రోడ్డు మీదుగా నడవండి. అక్కడ పడుకున్నవాళ్ళంతా బిచ్చగాళ్ళు అనుకుంటే పొరపాటే. మూటలు మోసేవాళ్ళు, బండ్లు లాగేవాళ్ళు, హోటళ్ళలో గిన్నెలు కడిగేవాళ్ళు ఉంటారు. జార్జిటౌన్ ఫుట్‌పాత్‌ల మీద తరాలుగా కాపురాలు చేస్తున్న కుటుంబాలూ ఉన్నాయి.

నిద్రపోతున్నవాళ్ళను లేపకండి. మెలకువగా ఉన్నవాళ్ళ పక్కన కింద కూర్చుని, "అన్నా, భోజనం అయిందా?" అని తెలుగులో కూడా అడిగి చూడండి. ప్రకాశం నుంచో నెల్లూరు నుంచో పనికి వచ్చి, తమిళం రాక, నెలల తరబడి ఎవరితోనూ కష్టం చెప్పుకోనివాళ్ళు మాకు చాలామంది తగిలారు. తెలుగు సంఘం ముందుగా ఇవ్వగలిగింది ఆ పలకరింపే.

ఇక అన్నం. ఆరాధన అయ్యాక పొట్లాలు పంచుదామని అందరికీ తడుతుంది. ఒకే మధ్యాహ్నం ఒకే చోట మూడు సంఘాలు పంచితే సగం పొట్లాలు కాలవ పక్కన పడి ఉండటం నేను చూశాను. 2013లో మొదలైన అమ్మ క్యాంటీన్లలో రూపాయికి ఇడ్లీ, 5 రూపాయలకు సాంబారన్నం పెడుతున్నారు. అందుకే ఏం కావాలో అడగండి. మమ్మల్ని ఎక్కువమంది అడిగింది దుప్పటి, సబ్బు, లోదుస్తులు, కాలి పుండుకు కట్టు. వండి తీసుకెళ్ళాలంటే పులిహోర మేలు. కొబ్బరి చట్నీ వద్దు, ఈ ఉక్కకు పాడైపోతుంది.

అన్నం చేతికివ్వకముందు పాటలు పాడించకండి, ప్రార్థన చేయించకండి. వాళ్ళే అడిగితే పేరుపెట్టి ప్రార్థించండి. ఫొటోలు అసలే వద్దు. ఒకసారి మా తమ్ముడి చేతిలో ఫోన్ చూసి ఒకావిడ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని పొట్లం అందుకుంది. ఆ రోజు నుంచి ఫోన్లు జేబులోనే ఉంటున్నాయి.

కాగితాల సంగతి మరవకండి. ఒక పెద్దాయన ఆధార్ కార్డును పాలకవర్‌లో చుట్టి బొడ్డు దగ్గర దోపుకునేవాడు. వానకు తడిసి అంకెలు చెరిగిపోయాయి. అప్పటి నుంచి, ఒప్పుకున్నవాళ్ళ కార్డులు లామినేషన్ చేయించి ఇచ్చి, జిరాక్సు చర్చి బీరువాలో దాస్తున్నాం.

ఇల్లు లేనివారికోసం చెన్నై కార్పొరేషన్ వసతి గృహాలు ఉన్నాయి. ముందు మీరు చూసిరండి, తర్వాత మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళండి. చిరునామా ఇచ్చి పంపితే చాలామంది వెళ్ళరు. కార్పొరేషన్ నంబరు 1913. స్పృహ తప్పితే 108, ఒంటరి పిల్లలు కనిపిస్తే 1098. మతిస్థిమితం లేక, తమను తాము చూసుకోలేక తిరుగుతున్నవాళ్ళు కనిపిస్తే పోలీసులకు చెప్పండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం వాళ్ళను 24 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చే బాధ్యత పోలీసులదే.

వారంలో ఒక రాత్రి ఎంచుకుని, అదే వేళకు, అదే చోటికి వెళ్ళండి. పేరు, ఊరు, ఏం తెస్తామని మాటిచ్చారో నోటుబుక్కులో రాసుకోండి. వాన పడిందని మానకండి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో వస్తాయి కాబట్టి సెప్టెంబరులోనే టార్పాలిన్లు కొని చర్చిలో పెట్టుకోండి.