టికెట్ల కంటే ముందు పిల్లల పాస్‌పోర్ట్ తీసి చూడండి

వేసవి సెలవులకి పిల్లల్తో సింగపూరో మలేషియానో వెళ్దామనుకునే మన భీమవరం, అమలాపురం వైపు వాళ్లకి ఒక మాట. పెద్దవాళ్ల పాస్‌పోర్ట్ 10 ఏళ్లుంటుంది కాబట్టి మనకి ఆ తేదీయే మనసులో ఉండిపోతుంది, చిన్నపిల్లలది మాత్రం 5 ఏళ్లే, పైగా ఈ రెండు దేశాలూ కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలంటాయి, లేకపోతే విమానం ఎక్కనివ్వరు. కొత్తది తీసుకోవడానికి భీమవరంలోనే పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది. తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనెగ్జర్ డి (పిల్లల పాస్‌పోర్ట్‌కి ఒప్పుకుంటున్నామని ఇచ్చే పత్రం) కావాలి, అమ్మో నాన్నో గల్ఫ్‌లో ఉంటే దీనికే ఎక్కువ టైం పడుతుంది, మన కోనసీమలో అలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి కదా, అందుకే నెలల ముందే మొదలుపెట్టండి.

సింగపూర్‌కైతే ఎస్‌జీ అరైవల్ కార్డ్ (ఆ దేశంలోకి వెళ్లేముందు ఆన్‌లైన్‌లో నింపే ఫారం) చంటిబిడ్డకి కూడా విడిగా నింపాలి, దిగే రోజుతో కలిపి దానికి ముందు 3 రోజుల లోపు. అది పూర్తిగా ఉచితం, డబ్బులడిగే సైట్ల జోలికి అస్సలు పోవద్దు.

ఆవకాయ సీసా చెక్-ఇన్ లగేజీలోనే పెట్టండి. పాలసీసా, బేబీ ఫుడ్ మాత్రం ప్రయాణానికి సరిపడా చేతిసంచిలో ఉంచుకోవచ్చు, చేతిసంచిలో మిగతా ద్రవాలకుండే 100 మిల్లీలీటర్ల లెక్క వాటికి ఉండదు. విమానం కిందికి దిగడం మొదలవ్వగానే బిడ్డ నిద్రలో ఉన్నా సరే లేపి పాలో నీళ్లో పట్టండి, గుటకలు వేస్తుంటే చెవినొప్పి చాలావరకు తగ్గుతుంది.