కొండల్లో పొలం కొన్నాం, గవర్నమెంటు సాయం ఏ ఆఫీసులో? సమస్య - పరిష్కారం

అమెరికాలో ఉద్యోగం షార్లెట్‌లో, పొలం నార్త్ కరోలినా కొండల్లో వటాగా కౌంటీ వైపు. ఇదీ మా కథ. మేం ఎక్కడెక్కడ ఇరుక్కున్నామో ఆ వరుసలోనే రాస్తున్నా.

వెతికితే "ఉచిత గ్రాంట్లు" అనే చెత్త తప్ప ఏమీ దొరకట్లేదు

మన ఊళ్లో అయితే మండల వ్యవసాయాధికారిని కలిస్తే ఏదో ఒక దారి చూపిస్తారు. ఇక్కడ ఒక్కో పనికి ఒక్కో ఆఫీసు. అప్పులు, విపత్తు సాయం, పొలం రికార్డులు ఎఫ్‌ఎస్‌ఏ (ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ) చూస్తుంది, నేల కోత, నీటి సంరక్షణ ఎన్‌ఆర్‌సీఎస్ (నేచురల్ రిసోర్సెస్ కన్జర్వేషన్ సర్వీస్) చూస్తుంది. రెండూ కేంద్ర వ్యవసాయ శాఖవే, చాలాచోట్ల ఒకే బిల్డింగ్‌లో ఉంటాయి. నేల, నీటి సంరక్షణ పనులకు రాష్ట్రం ఇచ్చే డబ్బు మాత్రం సాయిల్ అండ్ వాటర్ డిస్ట్రిక్ట్ అనే స్థానిక సంస్థ ద్వారా వస్తుంది, ఖర్చులో 75 శాతం దాకా ఇస్తారు. ఫార్మర్స్ డాట్ గవ్ సైట్‌లో మీ కౌంటీ సర్వీస్ సెంటర్ ఎక్కడుందో చూసి, ముందు ఫోన్ చేయండి. చిన్న కొండ కౌంటీలకు పక్క కౌంటీ ఆఫీసే దిక్కు కావచ్చు, ఘాట్ రోడ్డు మీద గంట ప్రయాణం వృథా. అప్లికేషన్‌కు ఫీజు లేదు, ఎవరైనా అడిగితే ఫోన్ పెట్టేయండి.

"ఫార్మ్ నంబర్ ఉందా?" అని అడిగి వెనక్కి పంపారు

ఫార్మ్ నంబర్ అంటే ఎఫ్‌ఎస్‌ఏ రికార్డుల్లో మీ పొలానికి ఇచ్చే నంబర్. మన పట్టాదారు పాస్‌బుక్‌లాంటిదే అనుకోండి, అది లేనిదే ఫైలు కదలదు. పొలం కొన్నంత మాత్రాన మీ పేరు ఎఫ్‌ఎస్‌ఏ రికార్డుల్లోకి ఎక్కదు. డీడ్ (కౌలైతే లీజు కాగితం), ఐడీ, సోషల్ సెక్యూరిటీ నంబర్ తీసుకెళ్లండి, పొలం ఎల్‌ఎల్‌సీ (కంపెనీ) పేరు మీదుంటే దాని పత్రాలు కూడా. రెండు ఫారాలు తప్పవు: తేలిగ్గా కోతకు గురయ్యే నేల, చిత్తడి నేలల నిబంధనల కోసం ఏడీ-1026, ఆదాయం కోసం సీసీసీ-941. మూడేళ్ల సగటు ఆదాయం 9 లక్షల డాలర్లు దాటితేనే ఇబ్బంది, కాబట్టి ఇద్దరి జీతాలు చూసుకుని టెన్షన్ పడకండి.

మా పొలం ఏరియల్ ఫోటో టేబుల్ మీద పరిచి, ఆఫీసరమ్మ పెన్నుతో ఒక వంపు దగ్గర ఆగి "ఈ వాగు మీ వైపా, పక్కవాళ్ల వైపా?" అని అడిగింది. నేనూ మా ఆవిడా ముఖాలు చూసుకున్నాం. వెళ్లే ముందు ఒకసారి హద్దులన్నీ నడిచి రండి.

అప్లై చేసి నెలలైంది, ఉలుకూ పలుకూ లేదు

నేల, నీటి సంరక్షణ పనులకు సాయం చేసే ఎన్‌ఆర్‌సీఎస్ వాళ్ల ఈక్విప్ పథకానికి ఏడాది పొడవునా అప్లై చేయొచ్చు గానీ, గడువు తేదీల ప్రకారం విడతలుగా చూస్తారు. ఒకటి తప్పితే తర్వాతి విడతే. వాళ్ల ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలు. ఇంకో సంగతి, "నాకు కంచె కావాలి" అంటే పని జరగదు. ఆవులు వాగులోకి దిగుతున్నాయి, గట్టు కూలుతోంది, ఊట నీళ్లు బురదవుతున్నాయి అని సమస్య చెప్పండి. కంచె, నీళ్ల తొట్టి, పైపులైను దాని వెనకే వస్తాయి, మార్కులు వేసేది ఆ సమస్యకే.

పని పూర్తయింది, డబ్బు రాలేదు

మేం దెబ్బతిన్నది ఇక్కడే. పక్కింటాయన దగ్గర ఎక్స్‌కవేటర్ ఖాళీగా ఉందని, చవగ్గా వస్తుందని, కాంట్రాక్టు సంతకం కాకముందే వాగు మీద కంకర పోయించి దారి వేసేశాం. సంతకానికి ముందు మొదలుపెట్టిన పనికి పైసా ఇవ్వరట. తప్పు పూర్తిగా మాదే, ఫారంలో రాసే ఉంది. సంతకం అయ్యాక కూడా ముందు ఖర్చు మీది, వాళ్లొచ్చి కొలిచి సరేనన్నాకే చెక్కు. వ్యవసాయం మొదలుపెట్టి పదేళ్లు దాటని వాళ్లకు ఎక్కువ రేటున సాయం, సామాను కోసం ముందస్తు డబ్బు తీసుకునే వెసులుబాటు ఉన్నాయి. గుర్తుపెట్టుకుని అడగండి.

ప్రాపర్టీ టాక్స్ తగ్గలేదు

వ్యవసాయ భూమికి పన్ను తగ్గిస్తారు, కానీ అప్లై చేస్తేనే. ఇది కౌంటీ టాక్స్ ఆఫీసు పని. తోటలకు 5 ఎకరాలు, పంటలకు 10, అడవికి 20 ఉండాలి. మొదటి రెండింటికీ మూడేళ్ల సగటున ఏడాదికి 1,000 డాలర్ల అమ్మకాలు చూపించాలి. జనవరిలో అప్లై చేయాలి. మధ్యలో అర్హత పోతే వెనకటి మూడేళ్లలో తగ్గించిన పన్ను వడ్డీతో కట్టించుకుంటారు, రేపో మాపో అమ్మేద్దామనుకునేవాళ్లు ఇందులో దిగకపోవడమే మంచిది.

ఈ ఆఫీసుల పని మీద ఎలాగూ వెళ్తారు కాబట్టి, రైతులకు సలహాలిచ్చే కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో మట్టి పరీక్ష డబ్బాలు తెచ్చుకోండి. ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా పరీక్ష ఉచితం, డిసెంబర్ వచ్చిందంటే ఒక్కో డబ్బాకు 4 డాలర్లు.